నాన్న కారు మీద గీతలు: ఇంట్లోనే పాలిష్, వ్యాక్స్ చేసిన రెండు రోజులు

పెట్రోల్ బంకులో లైట్ల కింద చూసేదాకా మా కారు మీద అన్ని గీతలున్నాయని నాకు తెలీదు. నవంబరులో ఒక శుక్రవారం హైదరాబాద్ నుంచి రాజమండ్రి వచ్చాను, రాత్రి తొమ్మిదింటికి నాన్నతో కలిసి పెట్రోలు కొట్టించడానికి వెళ్లాం. పైకప్పుకున్న ఎల్‌ఈడీ లైటు బానెట్‌లో అద్దంలో కనపడ్డట్టు కనపడుతోంది, దాని చుట్టూ సాలెగూడు అల్లినట్టు వందల సన్నగీతలు గుండ్రంగా. రెండడుగులు పక్కకి జరిగి చూశాను. ఆ సాలెగూడు కూడా నాతోపాటే జరిగింది. డిక్కీ మీదా అంతే, తలుపుల మీదా అంతే.

కారు 2017 బాలెనో, ముదురు నీలం రంగు. నాన్న రిటైరయ్యాక కొనుక్కున్నది. ఆయనకి అదంటే ప్రాణం. రోజూ పొద్దున్న ఆరింటికి కాఫీ తాగగానే ఒక పాత బనియన్ గుడ్డ తీసుకుని టాప్ దగ్గర్నుంచి డోర్ల దాకా శుభ్రంగా తుడుస్తారు. వానొచ్చినా మానరు. అలా ఏడేళ్లకు పైగా తుడిచారు. ఆ గీతలన్నీ ఆ తుడవడంలోంచే వచ్చాయి.

ఈ మాట ఆయనకి చెప్పడం నాకు చాలా కష్టమైంది. "నేను రోజూ తుడుస్తూనే ఉన్నాను కదరా, ఇంక గీతలెందుకు పడతాయి?" అన్నారు. తుడవడం వల్లే నాన్నా అని ఎలా అంటాం? అందుకని ఫోన్ టార్చ్ వేసి, బానెట్ మీద పడ్డ వెలుగు చుట్టూ చూపించాను. తర్వాత ఆయన తుడిచే గుడ్డని ఆయన చేత్తోనే తడిమించాను. ఉతికి ఆరేసిన గుడ్డే, కానీ పోగుల మధ్య ఇసుక రేణువులు వేళ్లకి గరుగ్గా తగులుతున్నాయి. రాత్రంతా కారు మీద పడ్డ దుమ్ములో ఇసుక ఉంటుంది, పొడి గుడ్డతో తుడిస్తే ఆ ఇసుకని పెయింట్ మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఈడ్చినట్టే. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "పోతాయా మరి ఇవి?" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ మొదలైంది ఈ పనంతా.

ఇక్కడ పెయింట్ సంగతి కాస్త చెప్పాలి, ఇది తెలియకుండా పాలిష్ మిషన్ పట్టుకుంటే కారు పాడవుతుంది. రేకు మీద ముందు ప్రైమర్, దాని మీద రంగు, ఆ పైన రంగు లేని పారదర్శకమైన పొర. దాన్ని క్లియర్ కోట్ అంటారు, షెడ్లలో ఉత్తి "క్లియర్" అంటారు. మన కళ్లకి కనపడే నిగనిగ అంతా ఆ క్లియర్‌దే. కంపెనీలో వేసే క్లియర్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక కంటే పల్చన. ఎండ లోపలి రంగుని తినేయకుండా ఆపే మందు కూడా ఆ పొరలోనే కలిపి ఉంటుంది. సన్నగీతలు ఆ క్లియర్ పైపైన పడ్డ గాట్లు. నిజానికి అవి అన్ని దిక్కులకీ ఉంటాయి, కానీ వెలుగుకి అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరుస్తాయి కాబట్టి దీపం చుట్టూ గుండ్రంగా ఉన్నట్టు కనపడతాయి. పాలిష్ అంటే ఆ గాటుని పూడ్చడం కాదు, గాటు చుట్టూ ఉన్న క్లియర్‌ని గాటు అడుగు దాకా అరగదీసి సమం చేయడం. అరిగింది మళ్లీ రాదు. అందుకే కారు జీవితంలో ఈ పని ఎన్నిసార్లంటే అన్నిసార్లు చేయడానికి లేదు.

వ్యాక్స్ వేరు. వ్యాక్స్ గీతల్ని తీయదు, అరగదీయదు, పైన ఒక పల్చటి పొరలా నిలబడి నీళ్లని, దుమ్ముని అంటనివ్వకుండా చూస్తుంది. ఈ రెండూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. నేనూ అలాగే అనుకున్నాను. అంతకు ముందు ఏడాది ఒక వాటర్ సర్వీసింగ్ సెంటర్‌లో 1,500 తీసుకుని "రబ్బింగ్ పాలిష్" అని చేసిచ్చారు. ఆ సాయంత్రం కారు కొత్త పెళ్లికూతురిలా ఉంది. నాలుగు వాషింగులు అయ్యేసరికి గీతలన్నీ మళ్లీ పైకొచ్చాయి. గీతల్లో నూనెలు నిండి కొన్నాళ్లు కనపడకుండా పోయాయంతే, ఒక్క గీత కూడా నిజంగా తగ్గలేదు. వీడియోల్లో చూపించే కొబ్బరినూనె చిట్కా కూడా ఇదే బాపతు. టూత్‌పేస్ట్ ఏదో కాస్త అరగదీస్తుంది గానీ ఎక్కడ ఎంత అరిగిందో మన చేతిలో ఉండదు, దయచేసి కారు మీద పెట్టకండి.

మా వీధి చివర టింకరింగ్, పెయింటింగ్ షెడ్డు ఉంది. అక్కడి పెయింటర్ గారికి కారు చూపించాను. ఆయన ఏ పరికరం తీయలేదు. బొటనవేలి గోరుని ఒక్కో గీత మీద అడ్డంగా నెమ్మదిగా పోనిచ్చారు. "చూడండి బాబూ, గోరు జారిపోతే మిషన్‌కి వస్తుంది. గోరు ఆగితే మాత్రం రాదండి, దానికోసం పట్టుబట్టి రుద్దకండి" అన్నారు. ఎడమ ఫెండర్ మీద మా గేటు గడియ గీసుకున్న గీత దగ్గర గోరు టక్కున ఆగింది. బానెట్ మీద, టాప్ మీద, డిక్కీ మీద ఎక్కడా ఆగలేదు. "కుడివైపు వెనక డోరుకి కంపెనీ పెయింట్ కాదు, బయట షెడ్డులో వేయించినట్టున్నారు, అక్కడ జాగ్రత్త" అని కూడా ఆయనే చెప్పారు. ఎప్పుడో ఒక స్కూటర్ రాసుకుంటే ఎక్కడో వేయించాం, నిజమే. ఆ హెచ్చరికని నేను ఇంకాస్త గట్టిగా పట్టించుకుని ఉండాల్సింది. దాని సంగతి తర్వాత చెప్తాను.

సామాను కోసం మూడు వారాలు చదివి, చూసి, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. ముఖ్యమైనది మిషన్. పాలిషింగ్ మిషన్లలో రెండు రకాలు. షెడ్లలో వాడేది రోటరీ, ప్యాడ్ ఒకే ఇరుసు మీద గిర్రున తిరుగుతుంది, బాగా కోస్తుంది, ఒకచోట రెండు క్షణాలు ఎక్కువ ఆగితే వేడెక్కి పెయింట్ కాలిపోతుంది. రెండోది డ్యూయల్ యాక్షన్, అందరూ డీఏ అంటారు. దీంట్లో ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి వేడి ఒకేచోట చేరదు. మొదటిసారి చేసేవాళ్లకి డీఏనే సరైనది, ఇందులో నాకు రెండో మాట లేదు. నేను 8 మిల్లీమీటర్ల త్రో (ప్యాడ్ అటూ ఇటూ ఊగే దూరం) ఉన్నది, 5 అంగుళాల ప్యాడ్లు పట్టేది తీసుకున్నాను. మీడియం స్పాంజి ప్యాడ్లు మూడు, మెత్తటివి రెండు (ప్యాడ్ రంగుని బట్టి గట్టిదా మెత్తటిదా అని లెక్కవేయకండి, కంపెనీ కంపెనీకి రంగులు మారతాయి). మెగ్వైర్స్ అల్టిమేట్ కాంపౌండ్ (గీతల్ని కోసే ముతక పాలిష్) ఒక సీసా, ఫైన్ పాలిష్ (సన్నటిది) ఒకటి, క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న రజనుని లాగేసే బంక ముద్ద), కార్నౌబా కలిసిన పేస్ట్ వ్యాక్స్, మైక్రోఫైబర్ గుడ్డలు ఒక డజను, మాస్కింగ్ టేపు, కారు షాంపూ. అన్నీ కలిపి 13 వేలు దాకా అయ్యాయి. బయట కార్లకి పాలిష్, వ్యాక్స్ చేసే మంచి డీటెయిలింగ్ షాపులో చేయించినా దాదాపు అంతే అయ్యేది, డబ్బు మిగులుతుందని మొదలుపెట్టకండి. నాకు నా చేత్తో చేయాలని ఉంది, అంతే.

డిసెంబరు రెండో శనివారం పెట్టుకున్నాం. వేసవిలో మా ఊళ్లో ఎండలు మండిపోతాయి, అప్పుడు రేకు మీద చెయ్యే పెట్టలేం, కాంపౌండ్ పెట్టిన నిమిషంలో ఎండి సున్నంలా పట్టేస్తుంది. చలికాలం, పోర్టికో నీడ, రేకు చేతికి చల్లగా తగలాలి, అదీ లెక్క.

పొద్దున్నే కడగడం. బోరు నీళ్లు వద్దనుకున్నాను, మా బోరు నీళ్లు ఎక్కడ ఆరితే అక్కడ తెల్ల మచ్చలు పెడతాయి. మున్సిపాలిటీ కుళాయి తిప్పి గోదావరి నీళ్లు ముందురోజు రాత్రే డ్రమ్ముకి పట్టి పెట్టాం. ముందు పైప్‌తో ఉత్తి నీళ్లు కొట్టి పైనున్న మట్టి జారిపోనిచ్చాను. తర్వాత రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మంచినీళ్లు. మిట్‌ని (కారు కడిగే మెత్తటి చేతి తొడుగు) షాంపూలో ముంచి ఒక డోరు కడగడం, మంచినీళ్ల బకెట్లో జాడించడం, మళ్లీ షాంపూలో ముంచడం. రెండో బకెట్ అడుగున చేరిన ఇసుక చూసి నాన్న వంగి వేలు పెట్టి తీసి చూసుకున్నారు. "ఇదంతా నేను గుడ్డతో రుద్దుతున్నానన్నమాట" అన్నారు. నేనేం అనలేదు.

కడిగి తుడిచాక క్లే. అంతవరకూ పెయింట్ శుభ్రంగా ఉందనే అనుకున్నాను. పల్చటి ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని బానెట్ మీద పోనిస్తే తెలిసింది, బొంబాయి రవ్వ మీద చెయ్యి పెట్టినట్టుంది. మా ఇల్లు రైలు పట్టాలకి దగ్గర, చక్రాల నుంచి, బ్రేకుల నుంచి లేచే ఇనుప రజను గాల్లో వచ్చి పెయింట్‌కి గుచ్చుకుని ఉండిపోతుంది. కడిగితే పోదు. దాన్ని అలాగే ఉంచి మిషన్ పెడితే ప్యాడ్ కింద ఆ రజనుతోనే రుద్దినట్టు, కొత్త గీతలు మనమే పెట్టుకున్నట్టు. క్లేని రెండు ముక్కలు చేసి, ఒక ముక్కని పూరీ పిండిలా పిసికి బిళ్లలా ఒత్తి, షాంపూ నీళ్లు బాగా చల్లుకుంటూ బరువు పెట్టకుండా ముందుకీ వెనక్కీ జరిపాను. మొదట్లో బరబరమని పట్టుకుంటుంది, చప్పుడు కూడా వినపడుతుంది. నాలుగైదు సార్లు తిరిగేసరికి చప్పుడు ఆగిపోయి చెయ్యి జారిపోతుంది. బిళ్ల తిప్పి చూస్తే గోధుమ రంగు మరక. మడిచి, లోపలి శుభ్రమైన వైపు బయటికి తెచ్చి మళ్లీ ఒత్తాలి. టాప్ చేస్తుండగా ముక్క చేతిలోంచి జారి నేల మీద పడింది, అది పారేశాను. కడిగి వాడదామని అనుకోకండి, క్లే ఒకసారి నేల మీద పడితే అది ఇసుక కాగితమే. రెండు ముక్కలు చేసుకున్నది అందుకే.

తర్వాత టేపు. డోర్ల బీడింగులు, వైపర్ల కింద ప్లాస్టిక్, లైట్ల అంచులు, మోడల్ పేరు అక్షరాలు, అన్నింటికీ మాస్కింగ్ టేపు వేశాను. రేకు మడత తిరిగే గీతల మీద కూడా వేశాను, ఎందుకంటే అంచుల దగ్గర పెయింట్ పల్చగా ఉంటుంది, ప్యాడ్ బరువంతా ఆ సన్న గీత మీదే పడుతుంది. గంట పట్టింది. అమ్మ పెసరట్టు తెచ్చి పోర్టికోలోనే పెట్టింది.

ఇప్పుడు అసలు పని. బానెట్ మధ్యలో రెండడుగుల చదరం టేపుతో గీసుకున్నాను. ముందు తక్కువ బలంతో మొదలుపెట్టి, చాలకపోతేనే పెంచాలి, మిషన్ పని అంతటికీ ఇదే నియమం. మెత్తటి ప్యాడ్, ఫైన్ పాలిష్ పెట్టి చూశాను. మెరుపు పెరిగింది, టార్చ్ వేస్తే సాలెగూడు మాత్రం చాలామటుకు అలాగే ఉంది. మీడియం ప్యాడ్‌కి మారి కాంపౌండ్ బఠాణీ గింజంత చుక్కలు నాలుగు పెట్టాను. మిషన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌ని రేకుకి ఆనించాలి, లేకపోతే చుక్కలు చిమ్మి గోడలకి పడతాయి. తక్కువ స్పీడులో చదరం అంతా పూసి, తర్వాత 5కి పెంచి, అడ్డంగా వరసలు, మళ్లీ నిలువుగా వరసలు, ఒక్కో వరస ముందు వరసని సగం కప్పేలా. చెయ్యి చాలా నెమ్మదిగా నడవాలి, సెకనుకి అంగుళం కాస్త అటూ ఇటూ. తొందరగా నడిపితే మెరుస్తుంది గానీ గీత పోదు.

ఒక చిన్న సంగతి నాకు బాగా పనికొచ్చింది. ప్యాడ్ వెనక ఉండే ప్లేటు మీద నల్ల మార్కర్‌తో ఒక గీత గీసుకున్నాను. డీఏ మీద బరువు ఎక్కువ వేసినా, ప్యాడ్ ఒక పక్కకి వంగినా తిరగడం ఆగిపోయి ఉత్తినే వణుకుతుంది, చప్పుడు మాత్రం పెద్దగా మారదు, మనం పని జరుగుతోందనే అనుకుంటాం. గీత తిరుగుతూ కనపడితే కోస్తున్నట్టు, ఆగి కనపడితే నా చెయ్యి ఎక్కువ నొక్కుతున్నట్టు. మొదటి పావుగంటలో నేను ఎన్నిసార్లు నొక్కేస్తున్నానో ఆ గీతే చెప్పింది. మిషన్ బరువుకి చెయ్యి బరువు కాస్త తోడు చేస్తే చాలు.

అడ్డంగా రెండు, నిలువుగా రెండు అయ్యాక ఆపి తుడిచాను. చాలా బాగుంది. కానీ పోయిన ఏడాది మోసపోయింది ఇక్కడే కదా, కాంపౌండ్‌లోని నూనెలు గీతల్ని దాస్తాయి. అందుకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపిన స్ప్రే కొట్టి నూనె అంతా తుడిచేసి, అప్పుడు టార్చ్ వేశాను. టేపు ఇవతల సాలెగూడు అలాగే ఉంది. టేపు అవతల, ఆ రెండడుగుల చదరంలో, టార్చ్ వెలుగు ఒక్క చుక్కలా నిలబడింది, చుట్టూ ఖాళీ, లోపల నీలం రంగులో మెరుపు రేణువులు విడివిడిగా కనపడుతున్నాయి. ఆ రంగులో అంత లోతు ఉందని మాకెవ్వరికీ గుర్తు లేదు. నాన్న కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

బానెట్ ఒక్కదానికే గంటన్నర పట్టింది. ఒక్కో ప్యానెల్ అయ్యాక ప్యాడ్‌ని గట్టి బ్రష్‌తో రుద్ది లోపల చేరిన పిండిని దులపాలి, లేకపోతే ప్యాడ్ బరువెక్కి కోయడం మానేస్తుంది. టాప్‌కి స్టూలు వేసుకోవాల్సి వచ్చింది. పిట్టల రెట్టలు ఎండకి కాలి పెయింట్‌లోకి దిగిన మచ్చలు టాప్ మీద మూడు ఉన్నాయి, రెండు పోయాయి, ఒకటి నీడలా మిగిలింది. దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు బానెట్ మీద లేత మరకలా ఉండిపోయింది, అది కూడా బాగా పల్చబడింది. నాన్న ఆ మాట అమ్మకి చెప్పి వచ్చే దసరాకి కుంకుమ నంబర్ ప్లేట్ మీద పెడదామన్నారు. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి వేడి త్వరగా వదలదు, అక్కడ స్పీడు తగ్గించి మధ్యమధ్యలో చెయ్యి ఆనించి చూసుకుంటూ చేశాను.

సాయంత్రం నాలుగింటికి కుడి వెనక డోరు. అప్పటికి భుజాలు లాగేస్తున్నాయి, చీకటి పడేలోపు ఆ వైపు అయిపోవాలని తొందర. డోరు మధ్యలో బాగానే వచ్చింది. కింది అంచు దగ్గర టేపు ఊడిపోయి ఉంది, చూసి కూడా మళ్లీ వేయకుండా కానిచ్చేశాను. ఐదారు క్షణాలు కూడా కాలేదేమో, ప్యాడ్ ఎత్తి చూస్తే తెల్లటి కాంపౌండ్‌లో లేత నీలం.

ఈ రంగులో ప్యాడ్‌కి నీలం అంటిందంటే ఒక్కటే అర్థం, క్లియర్ దాటి రంగు దాకా వెళ్లిపోయాను. మిషన్ ఆపి కింద పెట్టేశాను. చేతులు వణికాయి. తుడిచి చూస్తే అంచు మీద గోరంత మేర మెరుపు లేని మచ్చ, చుట్టూ నిగనిగలాడుతున్న రేకు మధ్య అది ఒక్కటే మొద్దుగా. బయట వేసిన క్లియర్ ఎంత మందంగా ఉందో, ఎంత పల్చగా ఉందో కంటికి తెలీదు, పైగా అంచు, పైగా టేపు లేదు. పెయింటర్ గారు నోటితో చెప్పిన చోటే జరిగింది. తప్పు పూర్తిగా నాదే. నాన్నని పిలిచి చూపించాను. ఆయన కూర్చుని చూసి, "కింద ఉంది, ఎవరికి కనపడుతుందిరా. ఇవాళ్టికి చాలు, లే" అన్నారు. నాకు మాత్రం ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే వెళ్లి షెడ్డులో అడిగాను. దాన్ని ఇంక ముట్టుకోవద్దని, మీద పాలిష్ పెట్టొద్దని, వీలు చూసుకుని కారు తెస్తే డోరు అంచుకి క్లియర్ వేసి కలుపుతానని పెయింటర్ గారు చెప్పారు. సంక్రాంతి వెళ్లాక చేయించాం. మీ కారులో ఏ ప్యానెల్‌కైనా బయట పెయింట్ పడి ఉంటే, దాన్ని చేత్తో, మెత్తటి పాలిష్‌తో సరిపెట్టుకోండి. కొన్ని గీతలు ఉండిపోతే ఉండిపోనివ్వండి.

ఆదివారం పొద్దున మంచు బాగా పడింది, రేకు అంతా చెమ్మ. తొమ్మిదిన్నర దాకా ఆగి, మొత్తం ఆరాక మెత్తటి ప్యాడ్‌తో ఫైన్ పాలిష్ ఒక చుట్టు తిప్పాను. కాంపౌండ్ గీతల్ని తీస్తుంది గానీ తనదైన సన్నటి మసక ఒకటి వదులుతుంది, ముదురు రంగుల మీద అది బాగా తెలుస్తుంది, ఆ మసకని ఫైన్ పాలిష్ తీసేస్తుంది. ఇది చాలా త్వరగా అయింది. మధ్యలో ముప్పావుగంట కరెంటు పోయింది, ఆ టైములో గేటు గడియ గీతని చేత్తో పట్టాను. లోతు అలాగే ఉంది, కానీ గాటు అంచులు కాస్త గుండ్రపడి ముందున్నంత తెల్లగా మెరవడం లేదు. నాలుగడుగుల దూరం నుంచి చూస్తే వెతకాలి. అంతకంటే ఆశపడలేదు.

చివరికి వ్యాక్స్. మళ్లీ ఆల్కహాల్ నీళ్లతో కారంతా తుడిచి మొదలుపెట్టాను. కార్నౌబా అనేది బ్రెజిల్‌లో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం. ఎండకి ఆకు ఎండిపోకుండా చెట్టు తనకోసం తయారుచేసుకునేది. వ్యాక్స్ దగ్గర అందరం చేసే పొరపాటు ఎక్కువ పూయడం. దోసె పెనం మీద ఉల్లిపాయ ముక్కతో నూనె రాస్తామే, అంత పల్చగా చాలు. మందంగా పూస్తే ఎక్కువ రోజులేమీ ఉండదు, తుడవడానికి చేతులు పడిపోతాయి. ఈ పని నాన్నకిచ్చాను. ఏడేళ్లు ఆ కారు మీద తిరిగిన చెయ్యి, ఎక్కడ వంపు ఉందో, ఎక్కడ లోపలికి పోతుందో చూడకుండానే తెలుసు. ఆయన గుండ్రంగా తిప్పుతుంటే ఆపి, తిన్నగా ముందుకీ వెనక్కీ అన్నాను, అలాగే చేశారు. ఐదారు నిమిషాలకి తెల్లటి మసకలా ఆరింది. వేలితో ఒక గీత గీసి చూడాలి, వేలి కింద శుభ్రంగా మెరిస్తే ఆరినట్టు, జిడ్డుగా పాకితే ఇంకా ఆగాలి. శుభ్రమైన మైక్రోఫైబర్‌తో, గుడ్డ తిప్పుకుంటూ తుడిచేశాం. వైపర్ల దగ్గర నల్ల ప్లాస్టిక్ మీద కాస్త వ్యాక్స్ పడి తెల్లగా చారలు కట్టింది, పెన్సిల్ రబ్బరుతో రుద్ది, మిగిలింది షాంపూ నీళ్లు, పాత టూత్‌బ్రష్‌తో తీశాను.

ఆ సాయంత్రం మళ్లీ అదే పెట్రోల్ బంకుకి వెళ్లాం. నాన్నే అడిగారు వెళ్దామని. లైట్ల కింద ఆపి దిగి చుట్టూ తిరిగారు. పూర్తిగా పోలేదు, నా లెక్కలో నూటికి ఎనభై పోయాయి, వెతికితే అక్కడక్కడ ఇంకా ఒకటీ అరా ఉన్నాయి. వాటి కోసం ఇంకాస్త అరగదీసే పని నేను చేయను, ఆ క్లియర్ ఇంకా చాలా ఎండలు కాయాలి.

వెళ్లేముందు ఆయనకి ఒక ఏర్పాటు చేసి వెళ్లాను. బనియన్ గుడ్డలన్నీ తీసేశాను. దుమ్ము పడితే తుడవడం లేదు, ముందు పైప్‌తో నీళ్లు కొట్టడం, ఆరబెట్టడానికి మాత్రం పెద్ద మైక్రోఫైబర్ టవల్, అది కూడా రుద్దకుండా పరిచి లాగడం. వారానికోసారి రెండు బకెట్ల స్నానం. పొద్దున్న ఆరింటికి కాఫీ తాగాక చేతికి పని లేకపోతే ఆయనకి తోచదు, అది నాకు తెలుసు. అందుకే అద్దాలూ, డాష్‌బోర్డూ రోజూ తుడుచుకోమని విడిగా గుడ్డలిచ్చాను. మొదటి వారం రెండు రోజులు పొరపాటున పాత అలవాటుతో బానెట్ మీదకి చెయ్యి వెళ్లిందని, వెనక్కి తీసుకున్నానని ఫోన్‌లో చెప్పారు.

ఫిబ్రవరి నెలాఖరులో ఒకరోజు పొద్దున్నే ఫోన్. "ఒరేయ్, మొన్నటిదాకా నీళ్లు కొడితే ముత్యాల్లా నిలబడి జారిపోయేవి కదా. ఇవాళ నిలబడట్లేదు, పరుచుకుంటున్నాయి. వ్యాక్స్ అయిపోయినట్టేనా?" అన్నారు. అయిపోయినట్టే నాన్నా అన్నాను. "డబ్బా ఎక్కడ పెట్టావు? నువ్వొచ్చేదాకా ఎందుకు, ఆదివారం నేనే రాసేస్తాను. దోసె పెనం అంతే కదా."